నల్లరేగడి మీద ప్రీఫ్యాబ్ ఇల్లు వాలితే ముందు నీళ్ల దారి చూడండి, జాకీ తర్వాత

తమ్ముడూ, మీరు రాసింది నిదానంగా చదివాను. పరకాల దగ్గర పత్తి చేనులో, నల్లరేగడి మీద, పదడుగుల వెడల్పు ముప్ఫై అడుగుల పొడవున్న ఇనుప ఫ్రేము క్యాబిన్లు రెండు పక్కపక్కన కలిపి బోల్టులు బిగించి ఇల్లు చేసుకున్నారు. కింద మూడు వరసల్లో 12 సిమెంటు దిమ్మెలు, రెండడుగుల లోతు. రెండో వానాకాలం దాటేసరికి నేల పడమరకు వాలి, ఆ చివరకూ ఈ చివరకూ అంగుళమున్నర తేడా వచ్చింది. ముందు తలుపు గడపకు రాసుకుంటోంది. రెండు క్యాబిన్ల అతుకు దగ్గర సందు కనిపిస్తోంది. తూర్పు చివర బాత్రూం గుమ్మం ముందు కాలు పెడితే నేల మెత్తగా దిగుతోంది. మేస్త్రీ రెండంగుళాల కాంక్రీటు పోసి పైన టైల్స్ వేద్దామంటున్నాడు. క్యాబిన్ అమ్మినవాళ్లు జాకీలతో పడమర వైపు లేపుతామంటున్నారు. ఎవరి మాట వినాలి, ఈలోగా అమ్మ ఆ ఇంట్లో ఉండొచ్చా అని అడిగారు. షెడ్లు, క్యాబిన్లు నిలబెట్టే పనిలో హన్మకొండ చుట్టుపక్కల చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది వివరంగా చెప్తాను.

అమ్మ సంగతి ముందు. అంగుళమున్నర వాలుకు ఇల్లు పడిపోదు, ఉండొచ్చు. కానీ ఈ రోజే టార్చి పట్టుకుని వంగి కిందకు చూడండి. ప్రతి దిమ్మె మీదా ఫ్రేము కమ్మీ నిండుగా కూర్చుని ఉందా, జరిగి అంచు మీద నిలబడిందా? దిమ్మె నిటారుగా ఉందా, ఒరిగిందా? ఫ్రేము సగానికి మించి దిమ్మె దాటి జరిగినా, దిమ్మె కంటికి తెలిసేలా ఒరిగినా అమ్మను ఊళ్లో ఇంటికి తీసుకెళ్లండి, అది సర్దేదాకా క్యాబిన్లో పడుకోనివ్వొద్దు. అలాంటిదేమీ లేకపోతే భయం లేదు. బాత్రూం ముందు మెత్తబడ్డ చోట మందపాటి చెకర్డ్ ప్లేటు (జారకుండా గరుకు గళ్లుండే ఇనుప రేకు) ఒకటి, కింద ఉన్న రెండు అడ్డ కమ్మీల మీదా ఆనేలా వేసి స్క్రూలు బిగించండి. పెద్దవాళ్లకు వాలు నేల కన్నా ఆ మెత్తటి చోటే ఎక్కువ ప్రమాదం. గ్యాసు పైపు సాగినట్టుందేమో, ఫ్రేముకు కట్టిన ఎర్తింగ్ తీగ తెగిందేమో కూడా చూడండి. ఇల్లంతా ఇనుమే కాబట్టి ఎర్తింగ్ లేకుండా ఒక్క రోజు కూడా ఉండకూడదు.

మేస్త్రీ మాట మటుకు వినొద్దు. ఆరు వందల చదరపు అడుగులకు రెండంగుళాల కాంక్రీటు అంటే ఆరున్నర టన్నుల పైన బరువు. మీ ఇంటి సొంత బరువు కూడా దాదాపు అంతే ఉంటుంది. పల్చటి సీ ఛానళ్ల (‘సి’ ఆకారపు ఇనుప కమ్మీల) మీద, అడుగున ఉన్న సిమెంటు బోర్డు మీద అంత బరువు వేస్తే మధ్యలో కమ్మీలు వంగుతాయి, దిమ్మెలు ఇంకా దిగుతాయి. పైగా నేల కదలడం ఆగదు కదా, వచ్చే వానలకే టైల్స్ పగులుతాయి. ఆ మేస్త్రీ చెడ్డవాడని కాదు. ఇటుక గోడల ఇంట్లో నేల సర్దడం ఆయన పని, ఇక్కడ నేల గాల్లో వేలాడుతోందని ఆయన లెక్కలోకి రాలేదు.

జాకీ మాట నిజమే, ఎప్పటికైనా అదే చేయాలి. కానీ ఇప్పుడు, పడమర వైపు లేపడం? అది కొలవకుండా చెప్పిన మాట. పడమర దిగిందని మీరూ అనుకుంటున్నారు, వాళ్లూ అనుకుంటున్నారు. నా అనుమానం వేరు. తూర్పు లేచి ఉండొచ్చు.

ఎందుకంటే బాత్రూం తూర్పున ఉంది, వంటింటి నీళ్లూ అటే పోతున్నాయని రాశారు, పైన వెయ్యి లీటర్ల ట్యాంకు కూడా అటే ఉంది. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యకు నీళ్లు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. రోహిణి కార్తెలో మీ చేనులో చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి కదా, మృగశిర దాటి నాలుగు మంచి వానలు పడగానే అవే నెర్రెలు పూడుకుపోతాయి. ఆ పూడిన మేర మట్టి పక్కకే కాదు, పైకి కూడా పెరుగుతుంది. అలా ఉబ్బేటప్పుడు చదరపు మీటరుకు పది టన్నుల పైన ఒత్తిడి చూపే రేగడి అరుదేమీ కాదు.

మీ ఇంటికి లెక్క వేసి చూడండి. ఇల్లు, సామాను, మనుషులు కలిపి పన్నెండు టన్నులనుకుంటే దిమ్మెకు సగటున ఒక టన్ను. మధ్య వరసకు రెండు క్యాబిన్ల బరువూ వస్తుంది కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ, అంచుల్లో తక్కువ. రెండడుగుల చదరం దిమ్మె అయితే కింద మట్టి మీద పడేది చదరపు మీటరుకు సుమారు మూడు టన్నులు. పది టన్నులతో పైకి తోసే మట్టి మీద మూడు టన్నులు పెడితే ఎవరు గెలుస్తారో తెలుస్తూనే ఉంది. మూడంతస్తుల భవనం తన బరువుతో రేగడిని కొంత అణచి పెట్టుకోగలదు, తేలికైన క్యాబిన్‌కు ఆ బలం లేదు. అందుకే రేగడి మీద ప్రీఫ్యాబ్ పెట్టేవాళ్లు, తేలిక ఇల్లే కదా పునాది ఎందుకు అనుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది. తేలిక ఇంటికే పునాది మీద ఎక్కువ శ్రద్ధ కావాలి.

తూర్పు నిజంగా లేచి ఉంటే, ఇప్పుడు పడమర లేపి సమం చేశారనుకోండి. మే నెలకు తూర్పు మట్టి ఆరి దిగుతుంది. అప్పుడు వాలు అటు తిరుగుతుంది. మళ్లీ జాకీ, మళ్లీ ఖర్చు, ప్రతిసారీ ప్యానెళ్ల అతుకులు ఇంకాస్త వదులు.

కాబట్టి ముందు కొలవాలి. ఇంట్లో నుంచి ఇంట్లోకి కొలిస్తే ఏది లేచిందో ఏది దిగిందో తేలదు, వాలు ఎంతో మాత్రమే తెలుస్తుంది. కదలని గుర్తు ఒకటి బయట కావాలి. మీ దగ్గర అది ఉంది: బోరు కేసింగ్. మన వైపు కేసింగ్ పైపును రాయి తగిలేదాకా దించుతారు, కాబట్టి పై మట్టి ఉబ్బినా ముడుచుకున్నా దానికి పెద్దగా తేడా ఉండదు. దాని మీద హ్యాక్సా బ్లేడుతో ఒక గీత గీయండి, అదే మీ మూలమట్టం. కరెంటు స్తంభాన్ని గుర్తుగా పెట్టుకోవద్దు, అదీ పై మట్టిలోనే పాతి ఉంటుంది.

కొలవడానికి మేస్త్రీలు వాడే లెవల్ పైపు చాలు. పారదర్శకంగా ఉండే సన్న పైపు, బోరు నుంచి ఇంటి చివరి మూలకు అందేంత పొడవు తీసుకోండి. నీళ్లలో కాస్త నీలం మందు కలిపితే మట్టం స్పష్టంగా కనిపిస్తుంది. నింపేటప్పుడు ఒక్క గాలి బుడగ కూడా మిగలకూడదు. పైపు సగం ఎండలో సగం నీడలో ఉంటే మట్టం తేడా చూపుతుంది కాబట్టి పొద్దున్నే, ఎండ రాకముందే కొలవండి. ప్రతి దిమ్మె దగ్గరా ఫ్రేము కమ్మీ అడుగు అంచు, కేసింగ్ గీత కన్నా ఎంత పైన ఉందో మిల్లీమీటర్లలో రాయండి. దిమ్మెలకు 1 నుంచి 12 దాకా రంగుతో నంబర్లు వేసి, ఇంటి పటం గీసి, తేదీతో సహా అంకెలు అందులో పెట్టండి. తర్వాత అదే చోట్ల లోపలి నేల పైన కూడా కొలవండి. గోలీ దొర్లించి చూడడం దిక్కు చెప్తుంది, లెక్క చెప్పదు.

రెండు కొలతలూ ఎందుకంటే, నేల సమంగా లేకపోవడానికి మూడు వేరువేరు కారణాలుంటాయి. దిమ్మె దగ్గర ఫ్రేమూ నేలా రెండూ ఒకే తేడా చూపితే కదిలింది దిమ్మె. దిమ్మెల దగ్గర సరిగానే ఉండి, రెండు దిమ్మెల నడుమ ఫ్రేము కిందకు వంగి ఉంటే కమ్మీ బలం చాలలేదు. మీ దిమ్మెల మధ్య దూరం పదడుగులు, అది ఎక్కువే. నడుమ ఒక్కో దిమ్మె కలపాల్సి రావొచ్చు. ఫ్రేము అంతటా బాగుండి నేల మాత్రమే కుంగితే బోర్డు నాని చెడిపోయింది. మీ బాత్రూం గుమ్మం ముందు జరిగింది ఈ మూడోదే, దానికి జాకీతో సంబంధం లేదు.

ఎంత తేడా దాకా పట్టించుకోనక్కర్లేదని చాలామంది అడుగుతారు. పక్కపక్క దిమ్మెల మధ్య, పదడుగులకు రెండు సూతులు, అంటే 6 మిల్లీమీటర్ల లోపు తేడాకు ఏమీ చేయొద్దు. మూడు సూతులు దాటితే తలుపులు పట్టేయడం, ప్యానెల్ అతుకులు విడడం మొదలవుతుంది. ఇల్లంతా ఒకే పలకలాగా ఒక పక్కకు వాలితే అంత నష్టం ఉండదు, ఒక్క దిమ్మె విడిగా కదిలి ఫ్రేము మెలిపడితేనే చేటు. మీ ఇంట్లో తలుపు రాసుకోవడం, అతుకు విడవడం రెండూ ఉన్నాయి కాబట్టి వాలుతో పాటు మెలి కూడా ఉందని అర్థం. ఏ దిమ్మె దగ్గర మెలి పడిందో మీ పటంలో అంకెలే చూపిస్తాయి.

ఈ కొలత ఇప్పుడు కార్తీకంలో ఒకసారి, సంక్రాంతికి, హోళీకి, చివరగా రోహిణి కార్తెలో తీయండి. వేసవి నాటికి తూర్పు దిమ్మెలు కేసింగ్ గీత వైపు దిగుతూ, పడమరవి ఉన్నచోటే ఉంటే లేచింది తూర్పని తేలినట్టే. తూర్పు కదలకుండా పడమర దిగుతూనే ఉంటే వాళ్లన్నదే నిజం, అక్కడ పూడిక మట్టి సరిగా దిమ్మిస కొట్టలేదో, పందికొక్కులు తవ్వాయో, పడమర గట్టు మీద నీలగిరి చెట్లుంటే అవి నేలలో తేమ లాగేస్తున్నాయో చూడాలి. ఒక్క దిమ్మె మాత్రమే తేడాగా ఉంటే దాని పక్కన తవ్వి కంటితో చూడండి.

అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. అసలు పని ఈ నెలలోనే మొదలుపెట్టాలి, అది నీళ్ల పని.

ట్యాంకును ముందు దించండి. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, దాన్ని క్యాబిన్ పైకప్పు మీద ఒక చివర పెట్టకూడదు. పక్కన విడిగా ఇనుప స్టాండు చేయించి దాని మీద పెట్టండి. పొంగిన నీళ్లు స్టాండు కాళ్ల దగ్గర పడకుండా పైపు దూరంగా లాగండి.

తర్వాత బాత్రూం. బోర్డు నేల మీద పలుచగా టైల్స్ అతికించిన బాత్రూంలలో, నేలకూ గోడకూ కలిసే మూల దగ్గర సీలెంట్ విడిపోయి నీళ్లు కిందకు దిగడం నేను ఎక్కువగా చూసే లోపం. కింద నుంచి టార్చి వేసి బోర్డు మీద తడి మరకలు, తెల్లటి చార, తుప్పు వెతకండి. బయటకు పోయే పైపును కూడా చూడండి. ఇల్లు కదులుతుంది, మట్టిలో పాతిన పైపు కదలదు, రెండూ కలిసే మోచేయి దగ్గర పగులుతుంది. అక్కడ వంగే పైపు ముక్క ఒకటి పెట్టించండి. నన్నడిగితే మీ చేనులో బాత్రూం ఇంటికి విడిగా కట్టుకోవడం మేలు. అమ్మకు రాత్రిపూట ఇబ్బంది లేకుండా నాలుగడుగుల దూరంలో, పైన రేకు కప్పు కలిపి, నడిచే దారి సమంగా వేస్తే చాలు. తేమ అంతా ఇంటి కింద నుంచి తప్పుకుంటుంది. ఇంకుడు గుంత ఎక్కడుందో మీరు రాయలేదు. అది ఇంటికి పాతికడుగుల లోపు ఉంటే ఎంత బాగా చేసినా ప్రయోజనం సగమే. పల్లం వైపు, వీలైనంత దూరం జరపండి.

మన వైపు ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. ఆరు వందల చదరపు అడుగుల కప్పు మీద పడ్డ నీళ్లన్నీ చూరు కింద ఒకే గీతలో దిమ్మెల పక్కనే పడుతున్నాయి. చూరుకు గట్టర్ పెట్టి, పైపుతో చేను కాలువలోకి వదలండి. ఇంటి చుట్టూ నాలుగు నుంచి ఐదడుగుల వెడల్పున పై రేగడి ఒక అడుగు తీసేసి, గుట్ట మొరం పోసి, తడిపి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి, పైన బయటకు వాలు ఉండేలా సిమెంటు చపటా వేయండి. పదడుగులకు నాలుగంగుళాల చొప్పున వాలు ఉంటే నీళ్లు నిలవవు. ఇంటి అడుగును మాత్రం నాలుగు వైపులా ఇటుక గోడతో మూసేయొద్దు. మూస్తే తేమ ఆరదు, ఇనుము తుప్పు పడుతుంది, చెదలు ఎప్పుడు ఎక్కాయో కూడా కనిపించదు. జాలీ ఇటుక పెట్టి గాలి ఆడనివ్వండి.

పత్తికో మిర్చికో పెట్టే నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంటి పక్క రెండు మూడు సాళ్లు వదిలేయండి. అమ్మ చూరు కింద పూల మొక్కలకు రోజూ నీళ్లు పోస్తుంటే వాటిని కుండీల్లోకి మార్చండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రేగడి అనగానే మన వరంగల్ వాళ్లందరూ, కాకతీయులు ఇసుక మీద గుళ్లు కట్టారు కదా, మనమూ దిమ్మె కింద ఇసుక పోద్దాం అంటారు. ఆ పద్ధతి మీద నాకు ఎంతో గౌరవం ఉంది. 1213లో కట్టిన రామప్ప 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కిందంటే, ఆ ఇసుక పునాదికి కూడా అందులో వాటా ఉంది. కానీ అక్కడ ఇసుక చుట్టూ కట్టుదిట్టంగా బంధించి ఉంది, పైన వేల టన్నుల రాయి కూర్చుని ఉంది. మీరు రేగడిలో మూడడుగుల పొక్క తవ్వి ఇసుక నింపితే అది బావి అవుతుంది. చుట్టూ ఉన్న బంకమట్టి నీళ్లు పీల్చుకోవడానికి రోజుల తరబడి పడుతుంది, ఇసుక మాత్రం క్షణంలో నింపుకుని దిమ్మె అడుగున నిలవ ఉంచుతుంది. నీళ్లు బయటకు పోయే దారి లేకుండా దిమ్మె కింద ఇసుక పోయొద్దు. ఉబ్బని గుణం, కాస్త జిగి రెండూ ఉన్న గుట్ట మొరమే ఈ పనికి మంచిది.

అమెరికా వీడియోలు చూశానన్నారు. అక్కడి మాన్యుఫ్యాక్చర్డ్ ఇళ్లకు 1976 నుంచి కేంద్ర ప్రభుత్వ నియమావళి ఉంది. కింద శాశ్వతంగా ఉండే ఇనుప చట్రం, దాని కింద బ్లాకుల దిమ్మెలు, రెండు భాగాలు కలిసే గీత కింద వేరే దిమ్మెలు, గాలికి ఎగరకుండా నేలలోకి బిగించిన పట్టీలు ఉంటాయి. జాకీ పెట్టే తీరు, చెక్కలు పేర్చే తీరు వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గవే. పునాది లోతు మాత్రం అక్కడి లెక్క పెట్టుకోవద్దు. చలి రాష్ట్రాల్లో మంచుకు నేల గడ్డకట్టి లేస్తుందని ఆ గడ్డకట్టే పొరను దాటి దించుతారు. మీరు దాటాల్సింది రేగడి పొర.

ఆ పొర ఎంత లోతుందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. మీ చేనులోనో పక్క చేనులోనో పాత వ్యవసాయ బావి ఉంటే దాని గోడ చూడండి. పైన నల్లమట్టి, దాని కింద సుద్ద గడ్డలు కలిసిన పొర, తర్వాత ఎర్రటి మొరం, అడుగున రాయి వరసగా కనిపిస్తాయి. మొరం నాలుగైదు అడుగుల్లోనే తగిలితే మీరు అదృష్టవంతులు. మట్టి ఎంత ఉబ్బుతుందో చూసుకోవాలంటే, ఎండబెట్టి జల్లించిన మెత్తటి మట్టి పది గ్రాములు నీళ్ల జాడీలో, మరో పది గ్రాములు కిరోసిన్ జాడీలో వేసి ఒక రోజు ఆగాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి రెండింటి తేడా లెక్క వస్తుంది. నీళ్లలో మట్టి పరిమాణం కిరోసిన్‌లో ఉన్నదానికి రెట్టింపైతే వంద శాతం ఉబ్బినట్టు. వంద దాటితే బాగా ఉబ్బే మట్టి అని మన ఐఎస్ (భారతీయ) ప్రమాణం చెప్తుంది. సివిల్ ల్యాబ్ ఉన్న ఏ ఇంజనీరింగ్ కాలేజీలో అయినా చేసే పరీక్షే ఇది.

ఇక జాకీ. రోహిణి కొలత తర్వాత తూర్పు దానంతటదే చాలావరకు దిగివస్తే, మిగిలిన తేడా వచ్చే ఏడు దసరా దాటాక, సంక్రాంతి లోపు సర్దండి. నేల పూర్తిగా తడిగానూ పూర్తిగా ఎండిపోయీ ఉండని కాలం అదే. పడమర నిజంగా దిగుతోందని తేలితే అంతకాలం ఆగొద్దు, రుజువు దొరికిన నెలలోనే లేపించండి. ఈలోగా తలుపును రంపంతో కోయించకండి. మడతబందుల కింద వాషర్ వేసి కాస్త పైకి తీస్తే పని జరుగుతుంది. ఇప్పుడు కోస్తే ఇల్లు సమం అయ్యాక కింద సందు మిగిలిపోతుంది.

లేపే రోజు ఇంట్లో ఎవరూ ఉండకూడదు. గ్యాసు తీసేయాలి, కరెంటు మెయిన్ ఆపాలి, నీళ్ల పైపులు, డ్రైనేజీ పైపు విప్పాలి, బియ్యం బస్తాలు, బీరువా బయట పెట్టాలి. రెండు క్యాబిన్లను కలిపే బోల్టులు వదులు చేయకుండా ఒకదాన్ని లేపితే బోల్టు పొక్కలు చీలతాయి, పైకప్పు అతుకు చినుగుతుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. లారీల కింద పెట్టే బాటిల్ జాకీ లేపడానికి పనికొస్తుంది కానీ, నూనె కారి మెల్లగా దిగుతుంది, దాని మీద ఇంటిని వదలకూడదు. స్క్రూ జాకీ మేలు. జాకీ కింద మట్టి మీద నేరుగా కాకుండా పాత రైలు స్లీపర్ చెక్కలు, లేకపోతే మందపాటి ఇనుప ప్లేటు వేయండి. జాకీ పక్కనే చెక్కలు అడ్డం నిలువుగా గళ్లు గళ్లుగా పేర్చి, ఇల్లు ఎంత లేస్తే అంత చెక్క దూర్చుతూ రావాలి. ఇంటికి జాకీ మాత్రమే ఆధారంగా ఉన్నప్పుడు ఏ మనిషీ, తల కాదు, చెయ్యి కూడా కింద పెట్టకూడదు. దీంట్లో బతిమాలుకోవడాలు లేవు.

ఒక దిమ్మె దగ్గర ఒకేసారి అర సూతు కన్నా ఎక్కువ లేపనివ్వకండి. ఒకటి కాస్త, పక్కది కాస్త, వరసంతా తిరిగి మళ్లీ మొదటికి రావాలి. ప్యానెల్ టప్పుమని చప్పుడు చేస్తే ఆపి, అరగంట వదిలేసి, లోపలకెళ్లి చూడాలి. పని ఒక్క పూటలో అయిపోవాలని తొందరపెట్టే మనిషికి ఈ పని ఇవ్వొద్దు. మొత్తం సమం కాకపోయినా ఫర్వాలేదు. తలుపులు ఆడి, అతుకు కలిసి, పదడుగులకు రెండు సూతుల లోపు వస్తే అక్కడ ఆపండి.

లేపాక సందులో ఏం పెడతారన్నది ముఖ్యం. ఇటుక ముక్కలు, కడప బండ ముక్కలు, చెక్క పెట్టి వెళ్లిపోతారు. అవి వద్దు. నేను ఇష్టపడేది నట్టుతో సర్దుకునే ఏర్పాటు. దిమ్మె తలలో 24 మిల్లీమీటర్ల మర రాడ్లు నాలుగు దించి, వాటి మీద మందపాటి బేస్ ప్లేటు, ప్లేటుకు పైనా కిందా నట్లు. ఫ్రేము ఆ ప్లేటుకు బిగిస్తారు. తర్వాత ఎప్పుడు తేడా వచ్చినా జాకీతో బరువు కాస్త తప్పించి, స్పానర్‌తో నట్టు తిప్పి సర్దుకోవచ్చు. రేగడి ప్రతి ఏడూ కొంత ఆడుతుంది, దాన్ని సిమెంటుతో బిగించి ఆపలేం. ఆ నట్లే ఈదురుగాలికి ఇల్లు ఎగరకుండా కిందకు పట్టి ఉంచుతాయి కూడా. ఏప్రిల్, మే గాలిదుమారాల్లో రేకుల షెడ్లు ఏమవుతాయో మీరు చూసే ఉంటారు. సెంట్రింగ్ దుకాణంలో అద్దెకిచ్చే జాకీలను శాశ్వతంగా వదిలేస్తామంటే ఒప్పుకోవద్దు, అవి పక్క ఊపుకు ఆగవు, తుప్పు పడితే మర తిరగదు.

వీటన్నిటి తర్వాత కూడా ఏడాదికి అంగుళం పైన ఆడుతుంటే అసలు పునాది మార్చాల్సిందే. రేగడి లోతుగా ఉన్నచోట, అడుగున ఉబ్బెత్తు గడ్డ ఉండే అండర్ రీమ్డ్ పైల్ అనే పునాది స్తంభం దానికి మందు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన నల్లమట్టి కోసమే దాన్ని అభివృద్ధి చేసింది. మూడున్నర మీటర్ల దాకా దించితే, ఉబ్బీ ముడుచుకునీ ఆడే పొరను దాటి కింద గడ్డ గట్టిగా పట్టుకుంటుంది. మొరం దగ్గర్లో తగిలేచోట అంత అక్కర్లేదు, మొరంలోకి ఒకటిన్నర రెండడుగులు దిగే మామూలు పిల్లరు చాలు. ఇంటి కింద దూరి ఇది చేయలేరు. కానీ మీది ప్రీఫ్యాబ్. బోల్టులు విప్పి హైడ్రా క్రేన్‌తో క్యాబిన్లను పక్కన పెట్టి, పునాది కొత్తగా వేసి, తిరిగి ఎక్కించుకోవచ్చు. ఇటుక ఇంటివాళ్లకు ఈ వెసులుబాటు లేదు. ఆ దశ వస్తే ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకు మీ కొలతల కాగితాలు చూపించండి. నాలుగు కాలాల అంకెలు చేతిలో ఉంటే ఆయన ఊహించి చెప్పాల్సిన పని ఉండదు.

బాత్రూం ముందు బోర్డు మాత్రం ఇంతకాలం ఆగక్కర్లేదు. లీకు ఆగిందని నిర్ధారించుకున్నాక, నానిన ముక్కను కమ్మీ నుంచి కమ్మీకి చతురస్రంగా కోసి తీయండి. కింద కమ్మీ తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, కమ్మీల మధ్య దూరం రెండడుగులు దాటితే నడుమ ఇంకోటి వెల్డింగ్ చేయించండి. కొత్తది 18 మిల్లీమీటర్ల సిమెంటు ఫైబర్ బోర్డు వేయండి. ప్లైవుడ్ వేస్తే రేగడి చేనులో చెదలు వదలవు.

చివరగా పైకప్పు అతుకు. ఇప్పుడు విడిన సందులో సిలికాన్ నింపేయాలని అనిపిస్తుంది, కానీ ఇల్లు ఇంకా కదులుతుంది కాబట్టి అది నిలవదు. ప్రస్తుతానికి బ్యూటైల్ టేపు (సాగే జిగురు రబ్బరు టేపు) అతికించి పైన రేకు పట్టీ ఒక అంచుకే స్క్రూలు వేసి వదలండి, రెండో అంచు ఆడుతూ ఉంటుంది. ఇల్లు సమం చేసి క్యాబిన్ బోల్టులు మళ్లీ బిగించాకే, ఆ తర్వాత వచ్చే మృగశిర లోపు, శాశ్వతంగా సీలు చేయించండి.

కార్తీకం కొలతలు తీశాక పన్నెండు దిమ్మెల అంకెలు, ఇంకుడు గుంత దూరం, బావి గోడలో నల్లమట్టి ఎన్ని అడుగులుందో రాయండి. చూసి చెప్తాను.